ఇప్పపువ్వుకు, తునికాకుకు అడవికి పోయేటోళ్లు జెర ఇది సదువుండ్రి

మా ములుగు జిల్లా తాడ్వాయి దిక్కు ఇప్పచెట్లకు మొగ్గ నిండుగ వచ్చింది, ఇంక నాలుగు రోజులైతే పువ్వు రాలుడు షురూ అయితది, అది ఒడిసినంక ఏప్రిల్ ఆఖర్ల బీడీలు చుట్టే తునికాకు. అప్పటిసంది వానలు పడేదాకా మా ఏజెన్సీ ఊర్లళ్ల పొద్దుగాల ఇంట్ల మనిషి దొరకడు. వానాకాలం విత్తనాలు, పిల్లల పుస్తకాలు, కిరాణం బాకీ అన్నీ ఈ పైసల మీదనే నడుస్తయి కాబట్టి అడవికి పోకుండ్రి అని నేను చెప్తలేను, చెప్పినా ఎవరూ ఆగరు. నేను చెప్పేది ఒక్కటే, చీకట్ల పోకుండ్రి.

ఇప్పపువ్వు తెల్లారుగట్ల రాలుతది, జింకలు, పశువులు తినకముందే ఏరుకోవాలని మనోళ్లు మూడు గంటలకే గంపలు పట్టుకొని బయలెల్లుతరు. ఒక ఇంటోళ్లు మూడింటికి పోతే పక్కింటోళ్లు రెండున్నరకు లేస్తరు, గిట్ల పోటీ పడి పడి ఆఖరికి అర్ధరాత్రే పోయేటోళ్లను కూడ చూసిన. తునికాకు కూడ అంతే, ముందు పోయినోళ్లకే మంచి ఆకు దొరుకుతదని. కానీ గుడ్డేలుగు తినేది ఆ టైంలనే, అడవిపందులకు పెట్టే కరెంటు తీగలు ఉండేది ఆ టైంలనే, పాము కనవడనిది కూడ ఆ టైంలనే.

గుడ్డేలుగుకు ఇప్పపువ్వు అంటే ప్రాణం. తల కిందికి పెట్టి తినుకుంట ఉంటే మనం దగ్గరికి వచ్చేదాకా దానికి తెల్వది, మనకూ తెల్వది, బెదిరిందంటే ఇంక నేరుగ మొఖం మీదికే వస్తది. మా చిన్నమ్మ ఐదేండ్ల కింద ఒక్కతే పోయి వంగి పువ్వు ఏరుతుంటే గిట్లనే అయింది, పాణం దక్కింది గాని ఒక కన్ను పోయింది, ఇప్పటికీ నలుగుర్ల కూసుంటే కొంగు మొఖానికి అడ్డం పెట్టుకుంటది. అందుకే ముగ్గురు నలుగురికి తక్కువ పోవద్దు, నడుస్తున్నంతసేపు గట్టిగ మాట్లాడుకుంట, కట్టెతోని చెట్లను కొట్టుకుంట పోవాలె, అలికిడి దూరం నుంచే ఇనవడితే అదే తప్పుకుంటది. కుక్కను ఎంట తీస్కపోకుండ్రి, అది ఎలుగును రెచ్చగొట్టి మళ్ల మీ దగ్గరికే ఉరికొస్తది. ఎదురువడితే ఉరుకొద్దు, చెట్టెక్కొద్దు, అది మనకంటే బాగ ఎక్కుతది, దాన్నే చూసుకుంట మెల్లగ ఎనుకకు జరగాలె. మీద పడితే మాత్రం బోర్ల పండి రెండు చేతులతోని మెడ, తల కప్పుకోవాలె. పిల్లలున్న ఎలుగు కనవడితే ఆ రోజుకు ఆ దిక్కు పువ్వు మర్చిపోండ్రి.

ఇంక తీగల ముచ్చట, ఇది రాయాలంటేనే మనసుకు కష్టమైతది ఎందుకంటే పెట్టేది కూడ మనోళ్లే. అడవిపందుల కోసం రాత్రి సన్న బైండింగ్ వైరు గుంజి కరెంటు ఇస్తరు, తెల్లారంగనే తీసేస్తరు, అంటే మనం చీకట్ల నడిచేటప్పుడు అది పూర్తి కరెంటు మీద ఉంటది. ఫోన్ లైటుకు ఆ తీగ కనవడదు. చేను గట్లెంబడి, అడవి అంచు దారులెంబడి ఎక్కువ పెడతరు కాబట్టి తెల్లగ వెలుతురు వచ్చేదాకా ఆ దారిల కాలు పెట్టొద్దు. ఎవరన్న తీగకు పడితే చేతితోని పట్టి గుంజొద్దు, ఒకరిని కాపాడపోయి ఇంకొకరు కూడ పోతరు. మొదలు లైన్‌మన్‌కు గాని 1912కు గాని ఫోన్ చేసి కరెంటు బంద్ చేయించాలె. తీగ పెట్టెటోళ్లు ఎవరో ఊర్ల అందరికీ తెలుసు, సీజన్ మొదలయ్యే ముందే పెద్దమనుషులు పిలిచి గట్టిగ చెప్పాలె. అదే కూసున్నప్పుడు తెల్లారినంకనే అందరం కలిసి బయలెల్లాలె అని ఒక టైం కూడ పెట్టుకుంటే ఎవరికీ నష్టం ఉండదు, పోటీ కూడ ఉండదు.

చెట్టు కింద ఎండాకులు కాలవెట్టుడు కూడ ఆపాలె. పువ్వు మంచిగ కనవడాలని ఒక అగ్గిపుల్ల గీస్తరు, గాలి తిరిగిందంటే గుట్ట మొత్తం అంటుకుంటది. చీపురుతోని ఊడ్చి పాత చీరలు పరిస్తే ఏరుడు కూడ అల్కగ అయితది.

తునికాకు తెంపేటప్పుడు చెయ్యి పొదల పెట్టే ముందు కట్టెతోని కదపండ్రి, ఎండాకులల్ల చిన్నపింజర అస్సలు కనవడదు. కరిస్తే కొయ్యొద్దు, నోటితోని గుంజొద్దు, తాడు బిగించి కట్టొద్దు, పసరు అని మంత్రం అని గంట సేపు ఖరాబు చేయొద్దు. కాలు చెయ్యి కదలకుండ పెట్టి 108కి చెప్పి సర్కారు దవాఖానకు తీస్కపోవాలె, విషం సూది అక్కడ పైసలు లేకుండ ఇస్తరు. ఆకు ఆరవెట్టే కల్లం కాడ కావలికి రాత్రి పండుకునేటోళ్లు కింద చాప మీద పండొద్దు, మంచం ఏసుకొని దోమతెర అంచులు పక్క కిందికి దోపాలె. కట్లపాము నిద్రల కరిస్తే నొప్పి కూడ తెల్వదు, పొద్దుగాల లేవంగనే కండ్ల రెప్పలు వాలుతున్నయి, మాట ముద్దగ వస్తుంది అంటే నిద్ర మత్తు అనుకోకుండ ఉరకాలె.

తెల్లారినంక పోతే ఎండకు చిక్కుతం కదా అని అడుగుతరు. నిజమే, అందుకే పదకొండు గంటలకల్ల అడవి దాటాలె, యాభై ఆకుల కట్టలు కట్టే పని ఇంటి నీడల కూసొని చేసుకోవచ్చు. తాగెతందుకు మనిషికి కనీసం రెండు మూడు లీటర్ల నీళ్లు, పొద్దుగాల ఉప్పేసిన అంబలి తాగి పోవాలె. ఎండల మనిషి చెమట ఆగి తిక్కతిక్కగ మాట్లాడిండంటే అది వడదెబ్బనే, నీడకు తెచ్చి తడిబట్టతోని ఒళ్లంత తుడుచుకుంట 108కి ఫోన్ చేయాలె, తెలివి తప్పినోళ్ల నోట్ల నీళ్లు పోయొద్దు.

మే నెలల పొద్దుమూకంగ గాలిదుమారం లేస్తే అందరు కల్లం కాడికి ఉరుకుతరు, ఆకు తడిస్తే కల్లం కాడ ఆకు తీసుకునే కల్లేదారు తీసుకోడు అని. ఆ టైంల పిడుగులు పడ్తయి. తాటిపత్రి మబ్బు పట్టినప్పుడే కప్పి రాళ్లు పెట్టండ్రి, ఉరుము ఇనవడ్డదంటే ఆకు తడిసినా సరే, చెట్ల కింద నిలవడకుండ ఇంట్లకు రండ్రి.