రోజూ బస్సులో వెళ్లి వచ్చేవారు రూటు, వేళలు, చార్జీ చూసుకోవలసిన తీరు

రోజూ ఇంకో ఊరికి బస్సులో వెళ్లి, పని ముగించుకుని తిరిగి వచ్చేవారిలో చాలామంది టైమ్‌టేబుల్ ముందు ఒక్క ప్రశ్నతోనే నిలబడతారు: నా బస్సు ఎన్నింటికి? దానికి జవాబు పట్టికలో వెంటనే దొరుకుతుంది గానీ, ఆ ఒక్క జవాబును నమ్ముకుని నెల రోజులు నెట్టుకురావడం కష్టం. నగరం లోపల తిరిగే బస్సు తప్పిపోతే కాసేపట్లో మరొకటి వస్తుంది. ఊళ్లను కలిపే బస్సు తప్పిపోతే గంటో రెండు గంటలో ఆగవలసి రావచ్చు, అదే చివరి బస్సయితే ఆ రాత్రి ఇల్లు చేరడమే ప్రశ్న అవుతుంది. కాబట్టి అడగవలసిన అసలు ప్రశ్న "ఈ బస్సు తప్పితే తరువాతది ఎప్పుడు?" అన్నది. రూటు ఎంచుకోవడం, వేళ నిర్ణయించుకోవడం, పాస్ కొనాలా వద్దా అని తేల్చుకోవడం, ఈ మూడూ ఆ ప్రశ్నతోనే ముడిపడి ఉన్నాయి.

మొదట తేల్చుకోవలసినది, ఆ దారిలో తిరిగే వాహనం వేళ ప్రకారం బయలుదేరేదా, జనం నిండాక బయలుదేరేదా అన్నది. 1662లో పారిస్‌లో పాస్కల్ అనే గణితవేత్త ప్రోద్బలంతో మొదలైన గుర్రపు బండ్లకు నిర్ణీతమైన దారి, నిర్ణీతమైన వేళ, నిర్ణీతమైన చార్జీ ఉండేవి. బండి ఖాళీగా ఉన్నా వేళకు కదలాలన్నది నియమం. ఈనాటికీ బస్సు సర్వీసుకు అంతకంటే మంచి నిర్వచనం లేదనుకుంటాను. నిండితేనే కదిలే వాహనాన్ని అవసరానికి వాడుకోవచ్చు గానీ, ఉద్యోగ వేళను దానిమీద ఆధారపెట్టకూడదు.

రూటు

బస్సు ముందున్న బోర్డు మీద చేరే ఊరి పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది, ఏ దారిన పోతుందో చిన్న అక్షరాలతో ఉంటుంది. రోజూ ప్రయాణించేవారికి ముఖ్యమైనది ఆ చిన్న అక్షరాలే. ఒకే ఊరికి వెళ్లే రెండు బస్సుల్లో ఒకటి నేరుగా హైవే మీదుగా, మరొకటి మధ్య పల్లెలన్నీ తాకుతూ పోవచ్చు. ఒకే నంబరు కింద కూడా తేడాలుంటాయి: నంబరు పక్కన చేర్చిన అక్షరం దారి మార్పును సూచించవచ్చు, కొన్ని ట్రిప్పులు చివరిదాకా పోకుండా మధ్యలోనే తిరిగిపోవచ్చు. పట్టికలో ఏదైనా నిలువు వరుస అడుగు భాగం ఖాళీగా కనిపిస్తే, ఆ ట్రిప్పు అక్కడితో ఆగిపోతుందని అర్థం. తిరుగు ప్రయాణంలో బస్సు ఎదురు వైపున్న స్టాపులోనే ఆగుతుందని కూడా అనుకోకూడదు; ఒకవైపే అనుమతించే వీధులున్న చోట వచ్చే దారి వేరు, పోయే దారి వేరు అవుతాయి.

ఇంటికి దగ్గరలో రెండు స్టాపులుంటే, దగ్గరగా ఉన్నదాన్ని కాక రెండు మూడు రూట్లు కలిసే దాన్ని ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. అయిదు నిమిషాలు ఎక్కువ నడిచినందుకు ఒక బస్సు తప్పినా ఇంకొకటి అందే అవకాశం దొరుకుతుంది. ప్రయాణ సమయం ఎంతో అందరూ చూస్తారు గానీ, ప్రత్యామ్నాయాలు ఎన్నో లెక్క చూసేవారు తక్కువ.

పట్టిక చదవడం

చాలా పట్టికల్లో ఒక్కో నిలువు వరుస ఒక్కో ట్రిప్పు, ఒక్కో అడ్డు వరుస ఒక్కో స్టాపు. కొన్నిచోట్ల ఇది తలకిందులుగా ఉంటుంది. వేళలు చూడకముందే మూడు సంగతులు చూడాలి: ఈ పట్టిక ఏ తేదీ నుంచి అమలులో ఉంది, ఏ రోజులకు వర్తిస్తుంది, అడుగున ఉన్న సూచనలు ఏమి చెబుతున్నాయి. బడి ఉన్న రోజుల్లో మాత్రమే, శనివారం తప్ప, అడిగితేనే ఆగుతుంది వంటి షరతులు ఒక్క అక్షరంగానో ఒక చుక్క గుర్తుగానో వేళ పక్కన ఒదిగి ఉంటాయి. ఏడాదంతా హాయిగా నడిచిన ఉదయపు బస్సు వేసవి సెలవుల మొదటి రోజున రాకపోతే, కారణం సాధారణంగా ఆ అక్షరమే. స్టాపు పేరుకు ఎదురుగా గీత గీసి ఉంటే ఆ ట్రిప్పు అక్కడ ఆగదు. పండుగ రోజుల్లో ఆదివారపు పట్టిక నడిపే పద్ధతి చాలాచోట్ల ఉంది కనుక, వారం మధ్యలో వచ్చే సెలవుల గురించి ముందురోజే విచారించుకోవాలి.

పట్టికలో సాధారణంగా అన్ని స్టాపుల పేర్లూ ఉండవు. డ్రైవరు సమయం సరిచూసుకునే ముఖ్యమైన స్టాపులకే వేళలు వేస్తారు. ఆ స్టాపుల నుంచి బస్సు వేళకు ముందు కదలకూడదని నియమం ఉంటుంది. వాటి మధ్యనున్న స్టాపులకు మాత్రం ఆ పూచీ లేదు, దారి ఖాళీగా ఉంటే మనం ఊహించిన వేళకంటే ముందే బస్సు దాటిపోవచ్చు. అందువల్ల మధ్య స్టాపులో ఎక్కేవారు తమకు ముందున్న ముఖ్యమైన స్టాపు వేళను ఆధారంగా తీసుకుని, అక్కడి నుంచి ఖాళీ రోడ్డు మీద పట్టే సమయాన్ని మాత్రమే కలుపుకుని స్టాపుకు చేరాలి. బస్సు ఆలస్యంగా వస్తే విసుగొస్తుంది, ముందే వెళ్లిపోతే గంట పోతుంది.

అర్ధరాత్రి దాటిన వేళలు మరో చిక్కు. శుక్రవారం రాత్రి 12:30కి బయలుదేరే బస్సు క్యాలెండరు ప్రకారం శనివారానిది, కానీ సంస్థ లెక్కలో చాలాసార్లు శుక్రవారపు సర్వీసుగానే ఉంటుంది. ప్రయాణ యాప్‌లకు బస్సుల సమాచారం అందించే జీటీఎఫ్ఎస్ అనే విధానంలో ఇటువంటి వేళను 24:30 అని రాస్తారు, రోజు మారకుండా ఉండేందుకు. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ, గూగుల్ కలిసి ఆరంభించిన ఈ విధానాన్నే ఈనాడు ప్రపంచమంతటా వాడుతున్నారు. ఇది తెలుసుకుంటే యాప్‌ను ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. మామూలు వేళలు ఒకచోట, సెలవుదినాల మార్పులు వేరొకచోట, బస్సు ఈ క్షణాన ఎక్కడుందన్నది ఇంకొకచోట నమోదవుతాయి. సంస్థ రెండోదాన్ని నింపడం మరిచిపోతే యాప్ పండుగనాడు కూడా మామూలు బస్సునే చూపుతుంది. తెరమీద ప్రత్యక్ష సమాచారపు గుర్తు లేకుండా వేళ మాత్రమే కనిపిస్తే, అది అచ్చు పట్టికకు నకలు తప్ప బస్సు వస్తోందన్న కబురు కాదు.

వెనక నుంచి లెక్క

వేళ నిర్ణయించుకునేటప్పుడు ఇంటి దగ్గర మొదలుపెట్టకుండా పనిస్థలం దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. పని 9:00కి మొదలవుతుందని, దిగే స్టాపు నుంచి 8 నిమిషాల నడక ఉందని, పట్టిక ప్రకారం ప్రయాణం 50 నిమిషాలని, బస్సులు 7:05, 7:35, 8:05కి ఉన్నాయని అనుకుందాం. 8:05 బస్సు 8:55కి దించుతుంది, నడిచి చేరేసరికి 9:03 అవుతుంది. 7:35 బస్సులో వస్తే 8:33కే చేరతారు, 27 నిమిషాలు మిగులుతాయి. ఆ మిగులును వృథా అనుకోవలసిన పని లేదు. 7:35 బస్సు రాకపోయినా 8:05 బస్సు మూడు నిమిషాల ఆలస్యంతో చేరుస్తుంది, దాన్ని ఏ పై అధికారి అయినా సాధారణంగా క్షమిస్తాడు. అదే 7:35 తరువాతి బస్సు 8:35కి గనుక ఉంటే, ఒక్కసారి తప్పినా 9:33కి చేరతారు. అప్పుడు ముఖ్యమైన పని ఉన్న రోజుల్లో 7:05 బస్సు ఎక్కడమే వివేకం. పట్టికలో 7:35 వేళ మారలేదు, దాని వెనక ఉన్న బస్సు మాత్రమే మారింది, అయినా నిర్ణయం మారిపోయింది.

పట్టికలోని 50 నిమిషాలను కూడా యథాతథంగా తీసుకోకూడదు. మొదటి పది పనిదినాల్లో బస్సు ఎక్కిన వేళ, దిగిన వేళ రాసిపెట్టుకోవాలి. సగటు కట్టకుండా, ఆ పదింటిలో అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టిన రోజును వదిలేసి, మిగిలినవాటిలో ఎక్కువ పట్టిన రోజును ప్రమాణంగా పెట్టుకోండి. సగటును నమ్ముకుంటే దాదాపు సగం రోజులు ఆలస్యమవుతుంది; ఈ లెక్కన పది రోజుల్లో ఒకరోజు మాత్రమే తప్పుతుంది.

మధ్యలో బస్సు మారవలసి ఉంటే జాగ్రత్త రెట్టింపు కావాలి. ఒక్కో బస్సు పదింట తొమ్మిది రోజులు వేళకు వస్తుందనుకున్నా, రెండింటి ఆలస్యాలకూ సంబంధం లేదనుకుంటే, రెండూ కలిసి సక్రమంగా అందేది నూటికి 81 రోజులే. వారానికి దాదాపు ఒకరోజు పాడైనట్టే. రెండో బస్సు పది నిమిషాలకొకటి వచ్చేదయితే దీని గురించి ఆలోచించనవసరం లేదు. గంటకొకటి వచ్చేదయితే, అయిదు నిమిషాల వ్యవధిని చూపే ప్రణాళిక కాగితం మీదే బాగుంటుంది. మొదటి బస్సు వచ్చేదాకా రెండోది ఆగుతుందని సంస్థ స్పష్టంగా ప్రకటించి ఉంటే తప్ప, రెండు వేళలు పక్కపక్కన పడటాన్ని కేవలం కాకతాళీయంగానే భావించాలి.

తిరుగు ప్రయాణం విషయంలో, నిజానికి అన్నిటికంటే ముందు చూడవలసినది చివరి బస్సు వేళ. దాన్ని మించి దానికి ముందున్న బస్సు వేళ ముఖ్యం, ఎందుకంటే రోజూ ఎక్కవలసినది అదే. చివరి బస్సు అత్యవసరానికి ఉంచుకోవలసినది. దాన్ని దిగి మరో బస్సు ఎక్కే ఏర్పాటు ఎన్నటికీ చేసుకోకూడదు. నేను ఒకసారి పట్టికలో బయలుదేరే వేళ అనుకుని చేరే వేళను చదివి, తీరిగ్గా బస్టాండుకు వెళ్లి, ఖాళీ ప్లాట్‌ఫారాన్ని చూసి నిలబడిపోయాను. ఆ రోజు నుంచి పట్టిక పైవరుసను వేలితో తాకుతూ చదవడం అలవాటయింది.

ఎదురుచూపు

పది నిమిషాలకొక బస్సు అని బోర్డు మీద రాసి ఉంటే సగటున అయిదు నిమిషాలు ఆగాలని అనుకుంటాం. బస్సులు కచ్చితమైన ఎడంతో వచ్చినప్పుడే అది నిజం. అవి ఒకసారి 5 నిమిషాలకు, మరోసారి 15 నిమిషాలకు మార్చి మార్చి వస్తే, సగటు ఎడం ఇప్పటికీ పదే, కానీ మనం పెద్ద ఎడంలో స్టాపుకు చేరే అవకాశం నాలుగింట మూడు వంతులు కనుక సగటు ఎదురుచూపు 6.25 నిమిషాలు అవుతుంది. ఈ అస్తవ్యస్తత దానంతట అదే పెరుగుతుంది: ఆలస్యమైన బస్సుకు స్టాపులో ఎక్కువమంది ఎక్కుతారు, ఎక్కించుకోవడంలో ఇంకా ఆలస్యమవుతుంది, వెనక బస్సుకు జనం తగ్గి అది వేగంగా వచ్చి ముందుదాన్ని కలుస్తుంది. రెండు బస్సులు జంటగా కనిపిస్తే, కిక్కిరిసిన మొదటిదాన్ని వదిలి రెండోది ఎక్కడం మంచిది. గంటకొక బస్సు ఉండే రూట్లలో ఈ సలహా పనికిరాదు, అక్కడ వచ్చినదాన్ని ఎక్కడమే.

చార్జీ

చార్జీ వేసే పద్ధతులు ప్రధానంగా మూడు. ఎంత దూరమైనా ఒకే చార్జీ ఉండే పద్ధతిలో ఆలోచించవలసినది ఏమీ లేదు. దారిని స్టేజీలుగా విడగొట్టే పద్ధతిలో, స్టేజీల మధ్యనున్న స్టాపులో ఎక్కినా సాధారణంగా వెనక స్టేజీ నుంచే చార్జీ లెక్కిస్తారు. కనుక ఒక్క స్టాపు ముందుకు నడిచి కొత్త స్టేజీలో ఎక్కితే ప్రతిరోజూ కొంత మిగలవచ్చు. ప్రాంతాన్ని జోన్లుగా విభజించే పద్ధతిలో, రెండు స్టాపుల ప్రయాణమైనా జోను సరిహద్దు దాటితే రెండు జోన్ల చార్జీ పడుతుంది, కానీ చాలాచోట్ల ఆ టికెట్టుతోనే నిర్ణీత సమయంలోపు బస్సు మారవచ్చు. ఆ సమయం చివరి బస్సు ఎక్కేసరికి మిగిలి ఉంటే చాలా, దిగేసరికి కూడా మిగిలి ఉండాలా అన్నది నిబంధనల్లో చదివి తెలుసుకోవాలి. తనిఖీలో వాదన వచ్చేది అక్కడే. లండన్ నగర బస్సుల్లో 2016 నుంచి మొదటి బస్సు ఎక్కిన గంటలోపు మరో బస్సుకు విడిగా చార్జీ లేదు.

కార్డు తాకించి ఎక్కే చోట దిగేటప్పుడు కూడా తాకించాలా అన్నది మొదటిరోజే అడగాలి, ఎందుకంటే మరిచిపోతే గరిష్ఠ చార్జీ పడే పద్ధతులున్నాయి. రోజుకు ఇంతకు మించి వసూలు చేయరనే పరిమితి ఉన్నచోట, ఉదయం కార్డుతో, సాయంత్రం ఫోనుతో చెల్లిస్తే అవి రెండు వేర్వేరు ఖాతాలుగా నమోదై ఆ పరిమితి ప్రయోజనం దక్కకపోవచ్చు.

నెల పాస్ విషయంలో జనం చేసే పొరపాటు దాన్ని విడి టికెట్టుతో పోల్చడం. పాస్ ధర 36 విడి టికెట్ల ధరకు సమానమైతే, రోజుకు రెండు ప్రయాణాల చొప్పున 18 రోజులకు సరిపోతుంది, 22 పనిదినాలున్న నెలలో అది లాభమే. కానీ ఎనిమిది టికెట్ల ధరకు పది ప్రయాణాలిచ్చే టికెట్ల కట్ట కూడా దొరుకుతుంటే, పాస్ ధరకు అటువంటివి 45 ప్రయాణాలు వస్తాయి. అంటే 23 రోజులు వెళితే గానీ పాస్ గిట్టదు. సెలవులు, ఇంటి నుంచి పనిచేసే రోజులు తీసేశాక మిగిలే సంఖ్యతోనే ఈ లెక్క వేయాలి. పాస్ క్యాలెండరు నెలకు వర్తిస్తుందా, కొన్న రోజు నుంచి 30 రోజులకా, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చెల్లుతుందా అన్నవీ అడిగి తెలుసుకోవాలి.

అయినా లెక్కలో కాస్త నష్టం తేలినా నేను పాస్ వైపే మొగ్గుతాను. పాస్ చేతిలో ఉంటే నేరుగా పోయే బస్సు తప్పినప్పుడు సగం దూరం వెళ్లే బస్సును కూడా సంకోచం లేకుండా ఎక్కవచ్చు, అక్కడి నుంచి మరో రూటు పట్టుకోవచ్చు. విడి టికెట్టు కొనేవారు రెండోసారి డబ్బు పెట్టడం ఇష్టంలేక స్టాపులోనే నిలబడిపోతారు. లగ్జెంబర్గ్‌లో 2020 నుంచి దేశమంతటా బస్సులు, ట్రాములు, రెండో తరగతి రైళ్లు ఉచితం, అక్కడివారికి ఈ స్వేచ్ఛ పాస్ లేకుండానే ఉంది, అయితే చివరి బస్సు వేళ మాత్రం వారూ చూసుకోవలసిందే.

పట్టిక మారిన ప్రతిసారీ కొత్త తేదీని చూసి, ముందుగా చివరి రెండు బస్సుల వేళలను, ఆ తరువాత మీ ఉదయపు బస్సు వెనక వచ్చే బస్సు వేళను సరిచూసుకోండి. తిరుగు ప్రయాణపు పట్టికను ఫోటో తీసి ఫోనులో ఉంచుకోండి, సిగ్నల్ అందని స్టాపులో యాప్ తెరుచుకోదు.