పేరు మార్చాక నోడ్ క్లస్టర్‌లో చేరడం లేదా? ముందు హోస్ట్స్ ఫైల్ చూడండి

క్లస్టర్‌లో, అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపులో, ఒక లైనక్స్ సర్వర్ (నోడ్) పేరు మార్చారు, పేర్లకి అడ్రస్‌లు చెప్పే డీఎన్ఎస్‌లో కొత్త రికార్డు పెట్టారు, కాన్ఫిగ్ ఫైళ్లలో పాత పేరు ఉన్నచోటల్లా కొత్తది రాశారు, రీబూట్ చేశారు. సర్వీస్ లేచింది, దాని లాగ్‌లో ఎర్రర్ ఏమీ లేదు. మిగతా నోడ్‌ల లాగ్‌లో మాత్రం వరసగా "కనెక్షన్ రిఫ్యూజ్డ్". పింగ్ చేస్తే రెండు వైపులా జవాబు వస్తుంది. ఇక అందరూ కలిసి ఫైర్‌వాల్ టీమ్ మీద పడతారు.

వాళ్లని కాసేపు వదిలేయండి. ఫైర్‌వాల్ అడ్డుపడితే ఎక్కువగా టైమ్ అవుట్ వస్తుంది. రిఫ్యూజ్డ్ అంటే చాలావరకు ఆ అడ్రస్‌లో, ఆ పోర్ట్ మీద ఏ ప్రోగ్రామూ కనెక్షన్ కోసం వినడం లేదనే. పేరు మార్చిన సర్వర్‌లోకే వెళ్లి, గెట్‌ఎంట్ హోస్ట్స్ కమాండ్‌కి కొత్త పేరు ఇచ్చి, ఆ మెషీన్ దానికి ఏ అడ్రస్ చెబుతుందో చూడండి. ఎన్ఎస్‌లుకప్ వద్దు. అది డీఎన్ఎస్‌నే అడుగుతుంది, మెషీన్‌లోనే పేర్లు, అడ్రస్‌లు రాసి ఉండే హోస్ట్స్ ఫైల్ జోలికి పోదు, అంతా బాగుందని చెబుతుంది. గెట్‌ఎంట్ ఇచ్చే అడ్రస్ 127తో మొదలైతే, అంటే మెషీన్ తనతో తాను మాట్లాడుకునే అడ్రస్ అయితే, దొంగ దొరికినట్టే.

ఆ అడ్రస్ అక్కడికి ఎలా వచ్చిందంటారా? పేరు మార్చిన కొత్తలో అడ్మిన్ హక్కులతో కమాండ్లు నడిపే సుడో వాడినప్పుడల్లా "అన్‌ఏబుల్ టు రిజాల్వ్ హోస్ట్" (ఈ పేరుకి అడ్రస్ దొరకలేదు) అని సణుగుతుంది. దానికి ఎవర్ని అడిగినా చెప్పే చిట్కా ఒకటే: హోస్ట్స్ ఫైల్‌లో 127.0.1.1 పక్కన కొత్త పేరు రాయడం. రాస్తారు, సణుగుడు ఆగుతుంది. డెబియన్, ఉబుంటు ఇన్‌స్టాలర్లు కూడా ఆ లైన్ పెడతాయి, ఒంటరి మెషీన్‌కి తప్పేం కాదు. క్లస్టర్‌లో మాత్రం కొంప ముంచుతుంది. సాఫ్ట్‌వేర్ లేస్తూనే తన పేరుకి ఏ అడ్రస్ ఉందో చూసుకుని, 127.0.1.1 మీదే పోర్ట్ తెరుస్తుంది. వీధి తలుపు వేసేసి లోపలి గది తలుపు తీసి పెట్టినట్టు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇంకో అడుగు ముందుకేసి అదే అడ్రస్‌ని మిగతా నోడ్‌లకు పంచుతాయి; అవి వెళ్లి తమ తలుపు తామే తట్టుకుంటాయి. పెద్ద డేటాని క్లస్టర్‌లో నడిపే హడూప్ వాడేవాళ్లకి ఇది పాత కథే. నాకు మొదటిసారి రాత్రంతా పోయింది. ఆ లైన్ రాసింది నేనే.

ఎస్ఎస్ కమాండ్‌తో ఏ పోర్ట్ ఏ అడ్రస్ మీద తెరిచి ఉందో చూస్తే అనుమానం తీరిపోతుంది. తర్వాత హోస్ట్స్ ఫైల్‌లో 127తో మొదలయ్యే లైన్ల నుంచి సర్వర్ పేరు తీసేసి లోకల్‌హోస్ట్ మాత్రం ఉంచండి. అసలు ఐపీ పక్కన డొమైన్‌తో సహా పూర్తి పేరు ముందు, పొట్టి పేరు ఆ తర్వాత రాయండి. సర్వీస్‌ని రీస్టార్ట్ చేయండి, ఫైల్ దిద్దినంత మాత్రాన తెరిచిన పోర్ట్ మారదు. క్లౌడ్ సర్వర్ అయితే, బూట్ అయ్యేటప్పుడు దాన్ని సిద్ధం చేసే క్లౌడ్-ఇనిట్‌లో హోస్ట్స్ ఫైల్‌ని తనే చూసుకునే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే తర్వాతి బూట్‌కి మీ దిద్దుబాటు తుడిచిపెట్టుకుపోతుంది.

గెట్‌ఎంట్ సరైన ఐపీయే ఇస్తే కథ వేరు. మెసేజ్‌లని క్యూల్లో ఉంచి అందించే రాబిట్‌ఎంక్యూ లేచింది కానీ క్యూలన్నీ మాయమయ్యాయా? దాని నోడ్ పేరులోనే హోస్ట్ పేరు ఉంటుంది, డేటా ఫోల్డర్ కూడా ఆ పేరుతోనే. కొత్త పేరుకి ఖాళీ ఫోల్డర్ తెరుచుకుంది, అంతే. పాతది పక్కనే ఉంటుంది, టెన్షన్‌లో దేన్నీ డిలీట్ చేయకండి. టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్) ఎర్రర్ అయితే సర్టిఫికెట్‌లో ఇంకా పాత పేరే ఉందేమో చూడండి, ఉంటే కొత్తది తీసుకోండి. కొత్త పేరులో అండర్‌స్కోర్ ఉంటే జావా ప్రోగ్రాములు కొన్ని తడబడతాయి. అరుదే. హైఫన్ పెట్టుకోండి.