అసాసిన్స్ క్రీడ్ మీద మోజు తగ్గిందా? ఏ ఆటతో, ఏ సెట్టింగులతో మళ్లీ మొదలుపెట్టాలి

అసాసిన్స్ క్రీడ్ అనేది యూబిసాఫ్ట్ కంపెనీ వీడియో గేమ్ సిరీస్. దానిలో ఎజియో నాయకుడిగా ఉన్న పాత ఆటలు రాత్రింబవళ్లు ఆడినవాళ్లు చాలామంది, తర్వాత వచ్చిన వల్హల్లాను ఇరవై గంటలు ఆడి పక్కన పడేశారు. వల్హల్లాతోనే ఈ సిరీస్‌లోకి వచ్చినవాళ్లేమో 2007 నాటి మొదటి ఆట పెట్టుకుని రెండో హత్యకే ఆవలిస్తారు. రెండు వర్గాలూ అనేది ఒకటే: "ఇది అసాసిన్స్ క్రీడే కాదు." ఇద్దరి మాటా నిజమే. యూబిసాఫ్ట్ ఒకే పేరు మీద కనీసం మూడు రకాల ఆటలు అమ్మింది. మీకు నచ్చింది ఏ రకమో తేల్చుకోకుండా కొత్తది కొంటే డబ్బూ పోతుంది, సరదా కూడా పోతుంది.

ముందు మీ రకం తేల్చుకోండి

ఈ పేరు వినగానే మొదట ఏ దృశ్యం గుర్తొస్తుందో చూసుకోండి. గోపురం మీంచి గడ్డిబండిలోకి దూకడం, జనంలో కలిసిపోయి ఒక్క పోటుతో పని ముగించడం గుర్తొస్తే మీది పాత రకం. 2007 నుంచి 2015లో వచ్చిన సిండికేట్ దాకా ఉన్నవి దాదాపు అన్నీ ఇవే. ఓడ, తుపాను, నావికుల పాటలు గుర్తొస్తే మీకు నచ్చింది 2013 నాటి బ్లాక్ ఫ్లాగ్. దానిలో హంతకుల కథ పేరుకే, అసలు సరుకు సముద్రపు దొంగతనం. పెద్ద మ్యాపులో గుర్రమెక్కి ఊరూరా తిరగడం గుర్తొస్తే 2017 తర్వాతి ఆర్‌పీజీ (లెవెళ్లు, నైపుణ్యాలు పెంచుకుంటూ ఆడే) రకం: ఒరిజిన్స్, ఒడిస్సీ, వల్హల్లా.

పాత రకం వాళ్లు నేరుగా బ్రదర్‌హుడ్ (2010) లేదా మిరాజ్ (2023) పట్టుకోండి. మిరాజ్ మొదట వల్హల్లాకు అదనపు భాగంగా మొదలై, తర్వాత విడి ఆటగా పెరిగింది. 9వ శతాబ్దపు బాగ్దాద్, పదిహేను ఇరవై గంటల కథ, లెవెళ్ల గొడవ లేదు. చిన్నదని పెదవి విరిచినవాళ్లున్నారు కానీ, మధ్యలో వదిలేసే అలవాటున్నవాళ్లకు ఆ చిన్నతనమే మందు. ఆర్‌పీజీ రకం కొత్తగా చూడాలంటే ఒరిజిన్స్‌తో మొదలుపెట్టండి. మూడింటిలో కథ బిగువుగా ఉన్నది అదే. రెండూ కలిపి కావాలంటే 2025 మార్చిలో వచ్చిన షాడోస్. దానిలో నాయక పాత్రలు రెండు: నావోయెతో ఆడితే పాత రకం, యాసుకేతో ఆడితే తలుపులు బద్దలుకొట్టే రకం.

2007 నాటి మొదటి ఆటతో మొదలుపెట్టమని మాత్రం చెప్పం. ప్రతి హత్యకు ముందూ అవే పనులు: జేబు కొట్టడం, చాటుగా వినడం, ఒకణ్ని పట్టుకుని తన్ని నిజం రాబట్టడం. అలా తొమ్మిది సార్లు. పైగా దానిలో సబ్‌టైటిల్స్ లేవు. ఇంగ్లిష్ యాస పట్టుకోలేనివాళ్లకు సగం కథ గాలికి పోతుంది. కథ కోసమే అయితే ఓ వీడియోలో సారాంశం చూసి రెండో భాగంలోకి (2009) వెళ్లిపోండి.

ఇక 'ఇప్పటి కాలం' కథ, అంటే పాత కాలపు కథ మధ్యమధ్యలో మన రోజుల్లో నడిచే భాగం. దాని మొదటి నాయకుడు డెస్మండ్ కథ 2012లో వచ్చిన మూడో భాగంతో ముగిసింది. అది అలాగే సాగుతుందని ఎదురుచూసినవాళ్ల నిరాశే పదేళ్లుగా వినిపించే ఫిర్యాదుల్లో సగం. ఒరిజిన్స్ నుంచి వల్హల్లా దాకా నడిచేది లైలా హసన్ కథ. ఈ రెండు దారాల్లో ఏదో ఒకటి పట్టుకుని ఆడండి. షాడోస్‌లో ఆ భాగం బాగా పలచన, దాని కోసమే అయితే కొనకండి.

మొదటి గంటలోనే మార్చాల్సిన సెట్టింగులు

పాత అభిమానికి కొత్త ఆటల మీద కోపం ఎక్కడ పుడుతుందో దగ్గరగా చూడండి. పైకప్పు మీద కూర్చున్నారు. కింద కాపలా నాయకుడు, తల మీద ఎర్ర కపాలం గుర్తు. అంటే మీ కంటే చాలా లెవెళ్లు పైన ఉన్నాడు. పైనుంచి దూకి మెడలో బ్లేడు దించారు. వాడు చావడు. ప్రాణం గీతలో ఓ ముక్క తగ్గుతుంది, వెనక్కి తిరిగి అరుస్తాడు, కోటంతా లేస్తుంది. తప్పు మీరు ఆడిన తీరుది కాదు. ఒరిజిన్స్ నుంచి హిడెన్ బ్లేడ్ (మణికట్టు దగ్గర దాచిన కత్తి) దెబ్బకు కూడా లెక్క పెట్టారు. ఆ లెక్క శత్రువు ప్రాణం కంటే తక్కువైతే ఒక్క పోటుతో పడడు.

మందు ఆటను బట్టి మారుతుంది. వల్హల్లాలోనూ షాడోస్‌లోనూ గేమ్‌ప్లే సెట్టింగుల్లో 'గ్యారంటీడ్ అసాసినేషన్' అనే స్విచ్ ఉంది. అది ఆన్ చేస్తే ఎవడైనా ఒక్క పోటుకే పోతాడు. చాలామంది ఆట పూర్తయ్యాక గానీ ఈ మెనూ తెరవరు. ఒరిజిన్స్, ఒడిస్సీలలో మామూలు మెనూలో ఇలాంటిది దొరకదు. ఒరిజిన్స్‌లో పోగుచేసిన సామగ్రిని కవచం కంటే ముందు హిడెన్ బ్లేడ్ మీద పెట్టండి. ఒడిస్సీలో 'అసాసిన్ డ్యామేజ్' పెంచే తొడుగులు ఏరి వేసుకుని, 'క్రిటికల్ అసాసినేషన్' నైపుణ్యం తొందరగా తెరవండి. అప్పటికీ రెండు మూడు లెవెళ్లు పైనున్నవాడి జోలికి పోకండి.

రెండోది, దారి చూపే గుర్తులు. ఒడిస్సీ నుంచి ఎక్స్‌ప్లొరేషన్, గైడెడ్ అని రెండు పద్ధతులు వచ్చాయి. తిరగడం ఇష్టమైతే మొదటిది, పని ముగించుకుని పడుకోవాల్సినవాళ్లు రెండోది. తేలిగ్గా ఆడుతున్నామని నామోషీ పడక్కర్లేదు. ఎక్స్‌ప్లొరేషన్‌లో "నదికి ఉత్తరాన, గుడికి పడమర" అని చెప్పి వదిలేస్తారు. రోజుకు గంటే దొరికేవాళ్లకు ఆ గంట వెతుకులాటకే సరి.

మూడోది షాడోస్‌కే. మాటల ఎంపికలు చిరాకైతే మొదట్లోనే 'కానన్ మోడ్' పెట్టుకోండి. ఎంపికలు ఆటే చేసుకుంటుంది, పాత ఆటల్లాగే ఒకే దారిలో కథ సాగుతుంది.

ఎన్ని గంటలకు తీర్పు చెప్పాలి

అన్నింటికీ ఒకే గడువు పెడితే పప్పులో కాలేసినట్టే. మూడో భాగంలో మొదటి మూడు సీక్వెన్సులు (అధ్యాయాలు) హేథమ్ అనే వేరే పాత్రవి. అసలు నాయకుడు కానర్ నాలుగో సీక్వెన్సులో, అదీ పిల్లాడిగా వస్తాడు. ఐదు పూర్తయ్యేదాకా ఓపిక పట్టలేకపోతే అసలు కొనకండి. బ్లాక్ ఫ్లాగ్‌లో ఓడ చేతికొచ్చేదాకా, అంటే మూడో సీక్వెన్సు మొదలయ్యేదాకా ఆగండి. వల్హల్లాలో నార్వే భాగం ఉపోద్ఘాతమే, ఇంగ్లండు చేరి ఒక ప్రాంతం కథ ముగించాక నిర్ణయించుకోండి. ఒడిస్సీలో కెఫలోనియా దీవి దాటాలి. మిరాజ్‌కు ఇంత గడువు అక్కర్లేదు, బాగ్దాద్‌లో మొదటి రెండు హత్యలు నచ్చకపోతే మిగతావీ నచ్చవు.

వల్హల్లాకు ఒక చిట్కా. కథ మొత్తానికి అరవై గంటలు దాటుతుంది, ఏకబిగిన ఆడితే ముప్పయ్యో గంటకు విసుగొస్తుంది. కానీ దాన్ని ప్రాంతాలుగా కోశారు, ప్రతి ప్రాంతానికీ దాని కథ దానిది. వారపత్రిక సీరియల్ చదివినట్టు వారానికో ప్రాంతం ఆడండి. మొదట గ్రాంటెబ్రిడ్జ్, లెడెసెస్టర్. రెండింటికీ సూచించిన పవర్ (మీ పాత్ర బలాన్ని చూపే అంకె) 20. ఏ ప్రాంతానికి ఎంత పవర్ కావాలో మ్యాపులోనే కనిపిస్తుంది. దానికి బాగా తక్కువగా వెళ్తే ప్రతి చిల్లర సిపాయితోనూ ఐదు నిమిషాలు కుస్తీ పట్టాల్సి వస్తుంది.

ఏవి వదిలేయాలి

మోజు చంపేది ఎక్కువగా కథ కాదు, మ్యాపు నిండా పరిచిన చుక్కలు. అన్నీ తుడిచిపెట్టాలన్న పట్టుదల ఉన్నవాళ్లే ముందు అలిసిపోతారు. మొదటి ఆటలో 420 జెండాలు, 60 మంది టెంప్లార్లు (హంతకుల శత్రువర్గం). అన్నీ పూర్తిచేసినా ఆటలో దక్కేది సున్నా. రెండో భాగంలో 100 ఈకలు ఏరితే ఆడిటోరే కేప్ (భుజం మీద కప్పుకునే వస్త్రం) ఇస్తారు. అది కప్పుకున్నంతసేపూ ప్రతి ఊళ్లోనూ కాపలావాళ్లు మిమ్మల్ని దొంగలాగే చూస్తారు. వంద ఈకలకు బహుమతి అదీ!

బ్రదర్‌హుడ్‌లో ప్రతి మిషన్‌కూ 'పూర్తి సింక్' అనే అదనపు షరతు పెట్టారు. మొదటిసారి ఆడేటప్పుడు దాన్ని చూడనట్టే ఉండండి, ఏ మిషనైనా తర్వాత మళ్లీ ఆడొచ్చు. రివలేషన్స్‌లో (2011) స్థావరాల మీద దాడి జరిగినప్పుడు వచ్చే తుపాకులవాళ్లను వరుసగా నిలబెట్టి స్థావరం కాచుకునే ఆట చాలామందికి గిట్టదు. అది రాకుండా చూసుకోవచ్చు. పేరు మోసిపోయి గుర్తు ఎర్రగా నిండినప్పుడే దాడి వస్తుంది. నిండకముందే దండోరా వేసేవాడికి లంచం ఇచ్చి తగ్గించుకోండి.

బ్లాక్ ఫ్లాగ్‌లో మనిషి వెనకాలే నక్కి నడిచే మిషన్లు తప్పవు, భరించాలి. వాటి మధ్యలో జాక్‌డా అనే మీ ఓడను బాగుచేసుకుంటే విసుగు తగ్గుతుంది. మొదట ఓడ కట్టు (హల్) గట్టిపరచండి, ఫిరంగులు తర్వాత. దానికి లోహం, కలప, గుడ్డ కావాలి. కనిపించిన ప్రతి ఓడ మీదా పడకుండా, ముందు దుర్బీను పెట్టి చూడండి. ఆ ఓడ లెవెలు ఎంతో, కడుపులో ఏ సరుకుందో చూపిస్తుంది. లోహం ఉన్నవాటినే కొట్టండి. మ్యాపు నాలుగు మూలలా ఉన్న లెజెండరీ ఓడల దగ్గరికి చివర్లోనే వెళ్లాలి. కట్టు పూర్తిగా పెంచకుండా వెళ్తే రెండు వరుసల ఫిరంగి దెబ్బలకే మునుగుతారు.

వల్హల్లాలో బంగారు చుక్కలు వదలకండి, ఆయుధాలు, లోహపు దిమ్మెలు, నైపుణ్య పుస్తకాలు వాటిలోనే. నీలం చుక్కలు దారిలో తగిలితే చూడండి. వాటిలో రాళ్లు పేర్చే ఆట ఒకటుంది, అది సరదాపడేవాళ్లకే. తెల్ల చుక్కలు చాలావరకు అలంకారానికి, మొత్తం వదిలేసినా నష్టం లేదు. ఒడిస్సీలో తల మీద వెల పెరిగి కిరాయి యోధులు వెంటపడితే పరుగులు అక్కర్లేదు. మ్యాపు తెరిచి డబ్బు కట్టేయండి, పోతారు.

కొత్త ఆట ప్రకటించినప్పుడు

ట్రైలర్ చూసి ప్రీఆర్డర్ చేసే అలవాటుకు 2014 నాటి యూనిటీ మంచి పాఠం. పారిస్ వీధుల్లో వేలమంది జనాన్ని నింపారు, యంత్రాలు ఆ బరువు మోయలేక ఫ్రేమ్ రేటు పడిపోయింది. పీసీలో కొన్ని గ్రాఫిక్స్ కార్డుల మీద మొహాలు లోడవక, గాల్లో కనుగుడ్లూ పళ్లూ మాత్రమే తేలుతూ మాట్లాడేవి. అమెరికాలో ఆట అమ్మకానికి వచ్చిన చాలా గంటల తర్వాత గానీ సమీక్షలు వేయడానికి అనుమతి ఇవ్వలేదు. చివరికి యూబిసాఫ్ట్ క్షమాపణ చెప్పి, డెడ్ కింగ్స్ అదనపు భాగాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చింది. ప్యాచులన్నీ (లోపాలు సరిచేసే అప్‌డేట్లు) పడ్డాక అదే యూనిటీని, పైకప్పుల మీద పరుగు కోసం, ఇప్పుడు చాలామంది నెత్తిన పెట్టుకుంటున్నారు. ఆట మారింది కొంత, అంచనాలు దిగిరావడం మరికొంత.

అందుకే మూడు చూసుకోండి. సమీక్షల గడువు విడుదలకు ముందా, తర్వాతా? తర్వాతైతే ఆగండి. చూపిస్తున్నది ఆడుతున్న దృశ్యమా, సినిమా ట్రైలరా? ఆడుతున్న దృశ్యమైతే జనం, నీడలు కాదు, హత్య చేసే తీరు గమనించండి: ప్రాణం గీత కనిపిస్తోందా, లెవెలు అంకె ఉందా? దాన్నిబట్టి ఏ రకమో తెలిసిపోతుంది. మూడోది, వాయిదా పడితే తిట్టుకోకండి. షాడోస్ 2024 నవంబరు నుంచి రెండుసార్లు జరిగి మార్చి 20న వచ్చింది. యూనిటీ గతి పట్టడం కంటే నాలుగు నెలలు ఆగడం నయం.

కొనాల్సింది మామూలు ఎడిషనే. సీజన్ పాస్‌లో ఇచ్చే అదనపు భాగాలు వచ్చేసరికి మీరు ఆట ముగించైనా ఉంటారు, వదిలేసైనా ఉంటారు. రెండు పెద్ద ఆటలు వెంటవెంటనే మొదలుపెట్టొద్దు. యూబిసాఫ్టే ఏటా ఒకటి చొప్పున వదిలి, సిండికేట్ తర్వాత 2016లో పెద్ద ఆట తేకుండా ఆగింది.

పీసీవాళ్లకు రెండు మాటలు. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్నా యూబిసాఫ్ట్ కనెక్ట్ ఖాతా తప్పదు, పాత పాస్‌వర్డు ముందే గుర్తుచేసుకోండి. షాడోస్‌కు ఎస్‌ఎస్‌డీలో 115 జీబీ ఖాళీ ఉండాలి. విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ వచ్చిన కొత్తలో ఒరిజిన్స్, ఒడిస్సీ, వల్హల్లా మొరాయించాయి, తర్వాత ప్యాచులు ఇచ్చారు. ఇప్పటికీ నల్ల తెర వస్తుంటే ముందు ఆటను అప్‌డేట్ చేసి చూడండి. బ్రదర్‌హుడ్ కాలపు మల్టీప్లేయర్ కోసమైతే పాత ఆటలు కొనకండి, ఆ సర్వర్లు 2022లో మూసేశారు.

ఇండియా నేపథ్యం కావాలంటే

మనవాళ్లు ఏళ్ల తరబడి అడిగే ప్రశ్న ఇది. ఉన్నది చిన్నది: 2016లో వచ్చిన క్రానికల్స్ ఇండియా. 1841 నాటి సిక్కు రాజ్యం, అర్బాజ్ మీర్ కథ. బ్లాక్ ఫ్లాగ్ లాంటిది ఊహించుకుని తెరిస్తే తెల్లబోతారు. ఇది పక్క నుంచి చూసే ఆట, ఎడమ నుంచి కుడికి పోవడం, కొన్ని గంటల్లో అయిపోతుంది. పెద్ద ఆటలో భారతీయ పాత్ర కావాలంటే సిండికేట్ ఉంది. లండన్‌లో హెన్రీ గ్రీన్ పేరుతో తిరిగేది అర్బాజ్ కొడుకు జయదీప్ మీర్. క్రానికల్స్ ఆడేటప్పుడు కత్తిసాముకు దిగకండి, దాన్ని దానికోసం కట్టలేదు. ఎవరి కంటా పడకుండా గది దాటితే ఎక్కువ స్కోరు, చంపుకుంటూ దాటితే తక్కువ. కాపలావాడు అటు తిరిగాక ఒక్క క్షణం ఆగి, తలుపు నీడలోంచి తర్వాతి స్తంభం చాటుకు జారుకోండి.