కారుకు టర్బో కిట్ బిగించే ముందు జాగ్రత్తలు

టర్బో అంటే ఎగ్జాస్ట్ పొగ వేగంతో తిరిగి ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టే యంత్రం. అది లేకుండా తయారైన పెట్రోల్ ఇంజిన్‌కు విడిగా కొన్న కిట్ బిగించినప్పుడు ఇంజిన్ పాడైతే, టర్బోకు ఉన్న లోపం వల్ల పాడవడం అరుదు. పెట్రోలు చాలకనో, ఆయిల్ కిందికి దిగకనో, వేడిని పట్టించుకోకనో పోతుంది. ఈ మూడూ తేలేదాకా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కకూడదు.

కిట్‌కు డబ్బు కట్టకముందే కంప్రెషన్ టెస్ట్ (ప్రతి సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో కొలిచే పరీక్ష) చేయించండి. ఇంజిన్ వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ విప్పాలి, పెట్రోలు, ప్లగ్గులకు వెళ్లే కరెంటు ఆపాలి, థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ద్వారం) పూర్తిగా తెరిచి స్టార్టర్‌తో ఇంజిన్‌ను తిప్పాలి. ఎక్కువ వచ్చిన సిలిండర్‌కీ తక్కువ వచ్చినదానికీ తేడా 10 శాతం దాటితే పని అక్కడే ఆపండి. తక్కువ ఉన్న సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూస్తే రీడింగ్ పెరిగిందా, రింగులు అరిగాయన్నమాట. పెరగకపోతే వాల్వులనో హెడ్ గ్యాస్కెట్‌నో అనుమానించాలి. బీమా కంపెనీనీ, మీ ప్రాంతపు వాహన నిబంధనలనూ కూడా ఇప్పుడే కనుక్కోండి. చెప్పకుండా చేసిన మార్పు వల్ల క్లెయిమ్ ఆగిపోవచ్చు.

కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందో చెప్పే లెక్క) 10:1 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ఇంజిన్‌లో, కంపెనీ పిస్టన్లతోనే నడపాలంటే బూస్ట్ (టర్బో అదనంగా ఇచ్చే గాలి ఒత్తిడి) 5 నుంచి 7 పీఎస్‌ఐ దగ్గర ఆగడం మేలు. ఎక్కువైతే మంట ఇంకా చేరని మూలనున్న పెట్రోలు, గాలి మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే పేలుతుంది. అదే నాకింగ్. మామూలు పోత పిస్టన్‌లో రింగుల మధ్య ఉండే సన్నని గట్లు ఆ దెబ్బకు విరుగుతాయి. బూస్ట్‌లో ఇది కొన్ని సెకన్లలోనే జరిగిపోవచ్చు. మొదట్లో బూస్ట్‌ను పెంచే కంట్రోలర్ పెట్టకండి, వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగను పక్కనుంచి పంపేసి బూస్ట్‌ను అదుపు చేసే వాల్వు) స్ప్రింగ్ ఇచ్చే ఒత్తిడే చాలు. వేస్ట్‌గేట్‌కు వెళ్లే సన్న గొట్టానికి రెండు చివరలా క్లిప్పులు వేయండి. అది ఊడితే బూస్ట్‌ను ఆపేది ఏదీ ఉండదు.

7 పీఎస్‌ఐ బూస్ట్ అంటే, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) బాగా పనిచేస్తే, ఇంజిన్‌లోకి గాలి దాదాపు 40 శాతం ఎక్కువ వెళ్తుంది. పెట్రోలు కూడా అంతకు తగ్గట్టే పెరగాలి. పెట్రోలు చిమ్మే పాత ఇంజెక్టర్లు 85 శాతం డ్యూటీ దాటుతుంటే, అంటే తెరుచుకుని ఉండే సమయం అంతకన్నా ఎక్కువైతే, పెద్దవి వేయాలి, పంప్ కూడా చూడాలి. కొన్ని కిట్లలో బూస్ట్‌తోపాటు పెట్రోలు ఒత్తిడి పెంచే రెగ్యులేటర్ ఒక్కటే ఇస్తారు. అది స్పార్క్ టైమింగ్‌ను (నిప్పురవ్వ పడే క్షణాన్ని) వెనక్కి జరపలేదు కాబట్టి దాన్ని ట్యూనింగ్ అనుకోవద్దు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచే పాత మ్యాప్ సెన్సర్ 1 బార్‌దైతే బూస్ట్ మొదలయ్యే చోటే దాని చూపు ఆగిపోతుంది. కొత్త సెన్సర్, దానికి తగ్గ ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూన్, గాలి, పెట్రోలు నిష్పత్తిని చూపే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ తప్పనిసరి. పూర్తి లోడ్‌లో గాలి, పెట్రోలు నిష్పత్తి 11.5 నుంచి 12 మధ్య ఉండాలి. అది 13 దాటుతుంటే కాలు తీసేయండి. ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి వేసి, గ్యాప్ 0.7 మిల్లీమీటర్ల దగ్గర పెట్టండి. గ్యాప్ ఎక్కువుంటే బూస్ట్‌లో నిప్పురవ్వ ఆరిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఆయిల్ దారిలో. టర్బోకు వచ్చే ఆయిల్‌కు ఒత్తిడి ఉంటుంది. బయటికొచ్చేటప్పుడు అది గాలి కలిసిన నురగ, దాన్ని తోసేది ఏదీ ఉండదు, సొంత బరువుతోనే దిగాలి. కాబట్టి రిటర్న్ గొట్టం లోపలి వ్యాసం కనీసం 16 మిల్లీమీటర్లు ఉండాలి, వంపుల్లేకుండా కిందికే వాలాలి, సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఆయిల్ మట్టం కన్నా పైన కలవాలి. ఎక్కడైనా నొక్కుకుపోతే ఆయిల్ టర్బోలోనే నిండి సీళ్లను దాటుతుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. చాలామంది టర్బో పోయిందని కొత్తది తెస్తారు. అదీ పొగే కక్కుతుంది. సంప్‌కు రంధ్రం చేయాలంటే దాన్ని విప్పి కిందపెట్టే చేయండి, లోహపు పొట్టు ఇంజిన్‌లో పడకూడదు. ఆయిల్ జాయింట్లకు సిలికాన్ గమ్, టెఫ్లాన్ టేప్ వాడకండి. బియ్యపు గింజంత ముక్క ఊడినా ఆయిల్ వచ్చే దారి మూసుకుపోతుంది. బాల్ బేరింగ్ టర్బో అయితే వచ్చే దారిలో సుమారు 1 మిల్లీమీటరు రంధ్రం ఉన్న రెస్ట్రిక్టర్ (ఆయిల్ ప్రవాహాన్ని తగ్గించేది) అడుగుతారు. జర్నల్ బేరింగ్‌కు సాధారణంగా అక్కర్లేదు.

పీసీవీ గొట్టంలో (క్రాంక్‌కేసులోని, అంటే ఇంజిన్ కింది భాగంలోని, ఆవిరిని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపేది) ఒక వైపే తెరుచుకునే వాల్వు ఉందో లేదో చూడండి. లేకపోతే బూస్ట్ క్రాంక్‌కేసులోకి దూరి డిప్‌స్టిక్‌ను పైకి తంతుంది, ఆయిల్ సీళ్లు కారతాయి.

టర్బైన్ గుండా వెళ్లే పొగ వేడి పూర్తి లోడ్‌లో 900 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. పక్కనున్న బ్రేక్ పైపులు, వైర్లు, పెట్రోలు గొట్టాలకు లోహపు హీట్ షీల్డ్ పెట్టండి. ఎగ్జాస్ట్ చుట్టూ గుడ్డలా చుట్టే రక్షణ మీద ఆయిల్ కారితే అది వత్తిలా అంటుకుంటుంది.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ కనెక్టర్లు పీకేసి, రిటర్న్ గొట్టం కింద డబ్బా పెట్టి, పది సెకన్ల చొప్పున తిప్పండి. ఆయిల్ కారడం కనిపించాకే అన్నీ కలిపి స్టార్ట్ చేయండి. ఐడిల్‌లోనే వదిలేసి జాయింట్లన్నీ టార్చితో చూడండి. ట్యూనింగ్ చేసే చోటికి కూడా బూస్ట్ గేజి సున్నా దాటకుండానే తీసుకెళ్లాలి.

ట్యూన్ అయ్యాక ప్లగ్గులు విప్పి తెల్లని పింగాణీని భూతద్దంతో చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్లని చుక్కలు, వాటి మధ్య వెండిలా మెరిసే నలకలు కనిపిస్తే ఆ మెరుపు పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం. బూస్ట్ తగ్గించి, టైమింగ్ వెనక్కి జరిపి మళ్లీ చూడాల్సిందే. 100 కిలోమీటర్లు తిరిగాక ఇంజిన్ పూర్తిగా చల్లారనిచ్చి మానిఫోల్డ్ నట్లు, హోస్ క్లిప్పులు మరోసారి బిగించండి. మొదటి ఆయిల్ 500 కిలోమీటర్లకే మార్చి, ఫిల్టర్ కోసి లోపల లోహపు రజను ఉందేమో చూడండి.