చేత్తో రాసుకునే తెలుగు వెబ్‌సైట్

బెంగళూరు మారతహళ్లిలో శని, ఆదివారాలు పిల్లలకు తెలుగు నేర్పే టీచరుకు సైటు కావాలనుకుందాం. క్లాసుల వేళలు, ఈ నెల పాఠాలు, వచ్చే దారి: మూడు పేజీలు. దీనికి వర్డ్‌ప్రెస్, డేటాబేస్ అక్కర్లేదు, నోట్‌ప్యాడ్ చాలు.

ఒక ఫోల్డర్ పెట్టి, మొదటి పేజీని ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అని సేవ్ చేయండి. అడ్రసు కొట్టగానే సర్వర్ మామూలుగా వెతికేది ఈ పేరునే. సేవ్ చేసేటప్పుడు ఫైల్ టైప్ దగ్గర 'ఆల్ ఫైల్స్' ఎంచుకోకపోతే పేరు చివర 'టీఎక్స్‌టీ' తగులుకుంటుంది, తెరిస్తే పేజీకి బదులు కోడ్ కనిపిస్తుంది. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 (అక్షరాలను అంకెలుగా దాచే పద్ధతి) ఉండాలి.

పేజీ మొదట్లో బ్రౌజర్‌కు మూడు సంగతులు చెప్పాలి. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో లాంగ్ (భాష) విలువ 'టీఈ', అంటే తెలుగు. హెడ్ తెరవగానే మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8, అంటే అక్షరాలను ఏ పద్ధతిలో చదవాలో చెప్పే లైను. ఆ కిందే వ్యూపోర్ట్ మెటా, అంటే పేజీ వెడల్పు తెరకు సరిపోవాలని చెప్పే లైను. ఇది లేకపోతే ఫోన్ మీ పేజీని కంప్యూటర్ తెరంత వెడల్పు అనుకుని కుదించేస్తుంది, అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి.

చార్‌సెట్ మాత్రం అస్సలు మరవద్దు. యూటీఎఫ్-8లో తెలుగు హల్లుకైనా, గుణింతం గుర్తుకైనా 3 బైట్లు పడతాయి. బ్రౌజర్ వాటిని విడివిడి అక్షరాలుగా చదివితే తెలుగంతా పోయి, నెత్తిన గీత ఉన్న రోమన్ 'ఎ', పక్కన డిగ్రీ సున్న, మళ్లీ అదే 'ఎ'... ఇలా వరస కడుతుంది. అది కనబడితే ఫాంట్ మార్చుకుంటూ కూర్చోకండి, తప్పు చార్‌సెట్‌లోనే ఉంటుంది.

ఫాంట్లలో మామూలు రాతకు మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ బాగుంటుంది. రామభద్ర బాగా లావు, శీర్షికలకే వాడండి. సైజు 18 పిక్సెళ్లు, లైన్-హైట్ (వరసల ఎడం) 1.7 పెట్టండి. ఇంగ్లిష్‌కు సరిపోయే 1.3 మనకు చాలదు. పై వరసలో 'రాష్ట్రం' ఒత్తులు కిందికి దిగి, కింది వరసలో 'కీ' గుడిదీర్ఘాన్ని తాకుతాయి. లెటర్-స్పేసింగ్ (అక్షరాల ఎడం) జోలికి పోవద్దు.

దారి పేజీలో బస్‌స్టాప్ పేరు కన్నడలో కూడా రాస్తే ఆటో డ్రైవరుకు చూపించుకోవచ్చు. ఆ పేరాకు లాంగ్ 'కేఎన్' (కన్నడ) అని ఇవ్వండి. రెండు లిపులూ చూపుకు అక్కాచెల్లెళ్లే అయినా, కంప్యూటర్ అక్షరాల పట్టిక అయిన యూనికోడ్‌లో వేరు వేరు. మండలిలో కన్నడ అక్షరాలు లేవు కాబట్టి ఫాంట్ల వరసలో దాని తర్వాత నోటో సాన్స్ కన్నడ చేర్చండి.

ఫైళ్ల పేర్లు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. విండోస్ పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే అనుకుంటుంది, లైనక్స్ సర్వర్ అలా అనుకోదు. ఇంట్లో కనిపించిన ఫొటో అప్‌లోడ్ చేశాక మాయమవడానికి తరచూ ఇదే కారణం. 'పాఠాలు' అని తెలుగులో పేరు పెడితే, లింకు కాపీ చేసినప్పుడు ఆ ఒక్క మాటే పర్సెంట్ గుర్తులతో 54 అక్షరాలవుతుంది. ఫొటోలను 1200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి, జేపెగ్ క్వాలిటీ 75 దగ్గర సేవ్ చేస్తే చాలు.

సైట్లు ఉంచే సేవ గిట్‌హబ్ పేజెస్‌లో 1 జీబీ దాకా సైటు ఉచితంగా పెట్టుకోవచ్చు. అయితే ఉచిత ఖాతాలో పేజెస్ వాడాలంటే రిపాజిటరీ (సైటు ఫైళ్లు ఉండే ఫోల్డర్) అందరికీ కనిపించేలా ఉండాలి. పిల్లల పేర్లు, ఫీజుల ఫైలు పొరపాటున కూడా ఆ ఫోల్డర్‌లో ఉండకూడదు. తర్వాత తీసేసినా పాత హిస్టరీలో మిగిలే ఉంటుంది.

డొమైన్ (సైటు అడ్రసు పేరు) కొనేటప్పుడు మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్ ధర చూడండి. డొమైన్ టీచరు మెయిల్ మీదే ఉండాలి. సాయం చేసిన కుర్రాడి మెయిల్ మీద ఉంటే, అతను ఊరు మారాక రెన్యువల్ నోటీసు ఎవరికీ అందదు. నెలకోసారి లింకులన్నీ ఫోన్‌లో నొక్కి చూసి, ఫోల్డర్‌ను తేదీతో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. స్టైల్ ఫైలు (ఫాంట్లు, సైజులు రాసుకున్నది) మార్చినా పాత రూపే వస్తుంటే అది బ్రౌజర్ దాచుకున్న కాపీ. కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కండి.