బొంత కుట్టుడు, 3వ పాఠం: చుట్టుకునే చట్రం

పోయిన పాఠంలో రెండు పాత నూలు చీరలను మూడేసి మడతలు వేశాం. ఆరు గజాల చీర అంటే 18 అడుగులు కాబట్టి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల లోపు వెడల్పుతో మొత్తం ఆరు పొరలు వచ్చాయి. వాటికి జానెడు ఎడంతో కచ్చా కుట్లు వేసి పెట్టారు కదా, అవి ఈ వారం చాలా అవసరం.

నేల మీద పరిచి కుడితే నడుం పోతుంది, హాలు మొత్తం బొంతదే అవుతుంది. మంచమంత చట్రం బిగిస్తే పిల్లలు తిరిగే దారి ఉండదు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గాలను చూసినవాళ్లకు ఉపాయం తెలిసే ఉంటుంది. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ జంపఖానాలు ఎంత పొడవున్నా, నేసిన మేర కర్రకు చుట్టేస్తారు. మనమూ అంతే.

సా మిల్లులో రెండంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న రీపర్లు అడగండి. ఐదడుగులవి రెండు, రెండున్నర అడుగులవి రెండు. వెదురు వద్దు, బిగిస్తే వంగుతుంది. గరుకు కాగితంతో బాగా రుద్దండి, పేళ్లు లేస్తే చీర చిరుగుతుంది. పొడుగు కర్రలకు సన్న సీలలతో గుడ్డ పట్టీ కొట్టి, బొంత వెడల్పు అంచులను ఒక్కో పట్టీకి కుట్టండి. రెండడుగుల మేర మాత్రం తెరిచి ఉంచి, మిగతాదంతా ఒక కర్రకు చుట్టండి. పొట్టి కర్రలను రెండు కొసల కింద అడ్డంగా పెట్టి, నాలుగు మూలలా సీ క్లాంపులు (ఇంగ్లిష్ C ఆకారంలో ఉండే మర బిగింపులు) బిగించండి.

చుట్టేటప్పుడే అసలు తంటా. లోపలి పొర తక్కువ దూరం, పై పొర ఎక్కువ దూరం తిరుగుతాయి కాబట్టి కచ్చా కుట్లు లేని బొంత లోపల ముడతలు పడుతుంది. ప్రతి చుట్టుకూ అరచేత్తో మధ్య నుంచి పక్కలకు సాఫు చేయండి. డప్పులా బిగించారా, సూది పొరల్లోకి దిగి పైకి రాదు. బొటనవేలుతో నొక్కితే అర అంగుళం దిగాలి.

ఎదురెదురుగా రెండు కుర్చీల మీద చట్రం పెట్టి, ఒక చేయి పైన, ఒకటి కింద ఉంచి కుట్టండి. తెరిచిన మేర పూర్తయ్యాక నాలుగు క్లాంపులూ వదులు చేసి, కుట్టిన భాగాన్ని ముందు ఖాళీగా ఉన్న కర్రకు చుట్టి, ఎదుటి కర్ర నుంచి అంత మేర విప్పండి.

పాతకాలపు అమెరికా ఇండ్లలో క్విల్టు (అక్కడి బొంత) చట్రాన్ని తాళ్లతో పైకప్పుకు లాగి కట్టేసేవారు, కింద వంటా తిండీ నడిచేవి. పెంకుటింట్లో దూలం ఉంటే మీరూ చేయొచ్చు. స్లాబు ఇంట్లో ఉయ్యాల కొక్కేలకు వేలాడదీయొచ్చు గానీ ఫ్యాను రెక్కలకు దూరంగా ఉండాలి, ఫ్యాను కొక్కెం మాత్రం ముట్టుకోవద్దు. హన్మకొండలో కిరాయికి ఉండేవాళ్లకు ఓనర్‌తో ఆ పంచాయితీ ఎందుకు? నా ఓటు దీనికే: క్లాంపులు ఊడదీసి, రెండు పొడుగు కర్రలనూ ఒకదానివైపు ఒకటి చుట్టేసి, పాత దుప్పటి కప్పి బీరువా పక్కన నిలబెట్టండి. సూది మాత్రం బొంతలో గుచ్చి వదలొద్దు, తుప్పు మరక పోదు.

ఈ వారం మొదటి రెండడుగులు కుట్టండి. వచ్చే పాఠంలో అంచు పట్టీ.