చెరువు గట్టు మీది మోడెం మెసేజ్ పంపకపోతే

శ్రీకాకుళం జిల్లా కవిటి నుంచి రణస్థలం దాకా రొయ్యల చెరువుల్లో రాత్రి కరెంటు పోయిందంటే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగుతాయి, తెల్లారేలోపు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. అందుకే కరెంటు పోగానే ఫోన్‌కు మెసేజ్ పంపేలా స్టార్టర్ పక్కన సిమ్ వేసిన చిన్న మోడెం పెట్టుకుంటారు. అది మెసేజ్ పంపకపోతే అందరూ ముందు టవర్నే తిడతారు. మీరు మాత్రం ముందు దానికి అందే కరెంటు చూడండి.

ఇలాంటి మోడెంగా ఎక్కువగా వాడేది సిమ్800ఎల్ అనే చిన్న బోర్డు, అంటే మోడ్యూల్. దీనికి 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య సప్లై ఇవ్వాలి. ఊరికే ఉన్నప్పుడు తక్కువే తీసుకుంటుంది గానీ, టవర్‌తో మాట్లాడే క్షణాన 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్నటి జంపర్ వైర్లయితే అప్పుడు వోల్టేజి కూలి మోడ్యూల్ రీస్టార్ట్ అవుతుంది. లైటు కొన్నిసార్లు మిణుకుమని ఆగి మళ్లీ మొదటికొస్తుంటే జబ్బు ఇదే. ఈ కుంగుబాటు రెప్పపాటుది, మామూలు మల్టీమీటర్‌కు చిక్కదు. మీటర్‌లో 4 వోల్టులు కనబడ్డాయని వదిలేయకండి. మోడ్యూల్ పిన్నుల దగ్గరే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ సోల్డర్ చేసి, పొట్టి, లావు వైర్లు వాడండి. 18650 లిథియం సెల్ పెడితే ఇంకా మంచిది. ఎలాగూ బ్యాటరీ తప్పదు: ఏరేటర్ల లైన్‌ మీదే అడాప్టర్ పెడితే, కరెంటు పోయిన కబురు చెప్పాల్సినదే ముందు ఆరిపోతుంది.

లైటు మూడు సెకన్లకోసారి వెలిగితే నెట్‌వర్క్ దొరికినట్టు. దాదాపు సెకనుకోసారి వెలుగుతుంటే ఇంకా వెతుకుతోంది.

తర్వాత సిమ్ము తీసి ఫోన్లో వేసి, చేత్తో ఒక మెసేజ్ పంపండి. రీచార్జ్ గడువు దాటాక కూడా కొన్నాళ్లు కాల్స్ వస్తూనే ఉంటాయి, మెసేజ్ మాత్రం వెళ్లదు. పిన్ లాక్ ఉంటే తీసేయండి. ఇది 2జీ మోడ్యూల్, జియో సిమ్ పనిచేయదు. సముద్రపు గాలికి సిమ్ పళ్లకు చిలుం పడుతుంది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

ఇక మోడ్యూల్‌ను కంప్యూటర్‌కు కలిపి 9600 స్పీడులో కమాండ్లు ఇవ్వండి. వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. ‘ఏటీ’కి ‘ఓకే’ రాకపోతే టీఎక్స్ (పంపే), ఆర్‌ఎక్స్ (అందుకునే) వైర్లు తారుమారై ఉంటాయి, లేదా గ్రౌండ్ కలపలేదు. ‘ఏటీ+సీఎస్‌క్యూ’కి వచ్చే మొదటి సంఖ్య సిగ్నల్ బలం, 0 నుంచి 31 దాకా ఉంటుంది. 10 కన్నా తక్కువైతే నమ్మకం లేదు, 99 అంటే సిగ్నల్ తెలియడం లేదని. యాంటెన్నా ఇనుప ప్యానెల్ పెట్టెలోనే ఉండిపోతే ఇలాగే అవుతుంది. బయటికి తీసి షెడ్డు కప్పు పైకి ఎత్తండి. ‘ఏటీ+సీఆర్‌ఈజీ?’కి చివర 1 గానీ 5 గానీ రావాలి, 3 వస్తే నెట్‌వర్కే సిమ్ముని ఒప్పుకోలేదు.

ఇవన్నీ బాగున్నా పోకపోతే ‘ఏటీ+సీఎస్‌సీఏ?’తో మెసేజ్ సెంటర్ నంబర్ చూడండి. ఖాళీగా ఉంటే అదే కంపెనీ సిమ్మున్న ఫోన్ సెట్టింగుల్లోంచి తెచ్చి రాయండి. ‘ఏటీ+సీఎంజీఎఫ్=1’ ముందు ఇచ్చి మామూలు అక్షరాల మోడ్‌లో పెట్టాలి. మెసేజ్ చివర ఎంటర్ కాదు, కంట్రోల్ జెడ్ నొక్కాలి. మోడెంను నడిపే ప్రోగ్రాంలో అయితే అది 26వ కోడ్.

ఫేజు లూజుగా ఉండి, కరెంటు ఉందో లేదో చెప్పే రిలే (స్విచ్) టకటకా కొట్టుకుంటే ప్రతి కొట్టుడుకీ ఒక మెసేజ్ పోతుంది. చాలా ప్రీపెయిడ్ ప్లాన్లలో రోజుకు 100 మాత్రమే, సాయంత్రానికే అయిపోతే, నిజంగా కరెంటు పోయే రాత్రికి మోడెం మూగబోతుంది. 30 సెకన్లు వరసగా ఫేజు లేకపోతేనే పంపేలా ప్రోగ్రాం రాయండి.

నిద్రపోతున్న మనిషి మెసేజ్ చప్పుడుకు లేవడు. వెనకే ‘ఏటీడీ’తో కాల్ కూడా చేయించండి. నంబర్ చివర సెమికోలన్ మరిస్తే వాయిస్ కాల్ కాదు, డేటా కాల్ అవుతుంది.

2018 అక్టోబరు తిత్లీ తుపానుకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు టవర్లూ పడుకుంటాయి. అందుకని రోజూ సాయంత్రం ఆరింటికి ‘బాగున్నాను’ అని ఒక మెసేజ్ వచ్చేలా పెట్టండి. అది రాని రాత్రి జనరేటర్ దగ్గర మనిషిని పడుకోబెట్టండి.